తలుపు తీస్తాడు చూడు

పోయిన వారం మీరు పేజీ తిప్పేసి హాయిగా వెళ్లిపోయారు. నేను మాత్రం నడిరోడ్డు మీద, రెండు బ్రేకులూ బిగబట్టుకుని, రెండు కాళ్లూ నేలకానించి, ఓ నీలం కారు తలుపుకి జానెడు దూరంలో అలాగే ఉండిపోయాను. ఆ తలుపులోంచి ముందు ఒక నల్ల బూటు దిగింది. తర్వాత తెల్లకోటు దిగింది. ఆ పైన కనపడిన మొహం మా ల్యాబు పెద్ద డాక్టరుగారిది.

అంతటితో అయిపోతే బాగానే ఉండేది. నా హెల్మెట్ అద్దం పైకెత్తి ఉంది. ఆయన కారు కిటికీ దించి ఉంది. నేనేమో అప్పటికి అర నిమిషం నుంచీ గొంతు తగ్గించకుండా మాట్లాడుతూనే ఉన్నాను. ఆఖరున నా నోట్లోంచి ఊడిపడిన మాట "దున్నపోతు".

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఇళ్లకెళ్లి పేషెంట్ల దగ్గర రక్తం తీసుకొచ్చే పని నాది. మూడు వారాల కిందటి వరకూ పదకొండేళ్లపాటు అదే ల్యాబులో, మెట్లు దిగితే వచ్చే కింది కౌంటర్లో కూర్చుని ట్యూబులకి లేబుళ్లు అంటించాను. ఆ గదికి కిటికీ లేదు. బయట వాన పడిందో లేదో పైనుంచి దిగేవాళ్ల గొడుగులు చూసి తెలుసుకునేదాన్ని. బండి నడపడం వచ్చినవాళ్లకే ఇళ్ల రౌండు ఇస్తామన్నారని, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో, మోకాళ్లు రెండూ చెక్కుకుపోయినా సరే అని నేర్చుకున్నాను. ఈ మూడు వారాలూ నాకు రెక్కలొచ్చినట్టే ఉంది.

ఇప్పుడా రెక్కలు కత్తిరించే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుందని మా ల్యాబులో గోడలక్కూడా తెలుసు. హెల్మెట్ మీద ల్యాబు స్టిక్కరు చూశారు. వెనక కట్టిన ఐస్ పెట్టె చూశారు. నా మొహం చూశారు.

"కింది కౌంటరమ్మాయివి కదూ?" అన్నారు.

"అవును సార్. ఇప్పుడు ఇళ్ల రౌండు సార్."

"పదకొండింటికి నా గదికి రా. నీకు బండి నేర్పిన ఆ మహానుభావుడెవరో, ఆయన్ని కూడా వెంటబెట్టుకురా. ఒకసారి మొహం చూడాలి."

మహానుభావుడు కాదు సార్, మా అత్తగారు అనబోయి గుటక వేశాను. ఆయన తలుపు ధడాలున వేసి ఎదురుగా ఉన్న బ్యాంకులోకి వెళ్లిపోయారు. పెట్టె మూత తీసి చూశాను. పద్నాలుగు ట్యూబుల్లో ఒక్కటి కూడా పక్కకి ఒరగలేదు. దేవుడా, అది చాలు అనుకుని బండి మెల్లగా పోనిచ్చాను.

అసలు నేనెందుకు రోడ్డు మీద పిచ్చిదానిలా మాట్లాడతానో చెప్పాలి. అది మా అత్తయ్య పెట్టిన పద్ధతి. డెబ్బై ఏళ్ల మనిషి. ఒకప్పుడు కాన్పులు చేసే నర్సు. మూతపడిన గోడౌన్ వెనక ఖాళీ జాగాలో నలభై రోజులు నాకు బండి నేర్పింది. మడత కుర్చీ ఒకటి మధ్యలో వేసుకుని కూర్చునేది. నేను చుట్టూ తిరిగేదాన్ని. ఆవిడ మాత్రం ఒక్కసారి కూడా బండెక్కలేదు. "ఓసారి ఎక్కి చూపించండి అత్తయ్యా" అంటే, "నా తుంటి ఒప్పుకోదమ్మా" అని మాట తప్పించేది.

బండి కదలడం నాలుగు రోజుల్లో వచ్చేసింది. మిగతా ముప్పై ఆరు రోజులూ కార్ల గురించే. "కారు మొహం చూడకు, ముందు చక్రం చూడు. ఇండికేటరు ఒకటి చెప్పి వాడు ఇంకోటి చేస్తాడు. చక్రం ఎటు తిరిగితే కారు అటే వస్తుంది. వాడి అద్దంలో నీకు వాడి మొహం కనపడకపోతే, వాడి లెక్కలో నువ్వు లేవు. ముందుకన్నా వెళ్లు, వెనక్కన్నా తగ్గు, ఆ పక్కన మాత్రం ఉండిపోకు. ఆగి ఉన్న కారు పక్కనుంచి పోతుంటే లోపల తల ఉందా అని చూడు. తల ఉంటే తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపంత దూరం వదిలి, దానికి ఇంకో చెయ్యంత కలుపుకుని పో. అంత చోటు లేదంటే, నడిచే మనిషంత నెమ్మదిగా పో."

"తప్పు వాడిదైతే?" అని అడిగానోసారి.

"వాడిదే అనుకో. కాలికి కట్టు కట్టుకుని మంచం మీద పడుకుని, తప్పు వాడిదీ తప్పు వాడిదీ అని జపం చేసుకుంటావా? రోడ్డు మీద న్యాయం తర్వాత అడుగుదువుగానీ, ముందు ఖాళీ ఎక్కడుందో వెతుక్కో."

అన్నిటికంటే ముఖ్యం, చూసిందల్లా పైకి చెప్పాలి. మనసులో అనుకుంటే కుదరదు. "మనసులో అనుకుంటే సగం చూసి మిగతా సగం ఊహించేసుకుంటావు. నోటితో చెప్పాలంటే పూర్తిగా చూడక తప్పదు" అంటుంది. అందుకే నేను బండి మీద ఉన్నంతసేపూ వాగుతూనే ఉంటాను. తెల్ల వ్యాను, చక్రం ఇటు తిరిగింది, వస్తాడు. ఎర్ర కారు, ఫోను చూసుకుంటోంది, తగ్గుదాం. మా ఆయన వెనక కూర్చుంటే కళ్లు గట్టిగా మూసుకుంటాడు. చెవులు కూడా మూసుకుందామంటే పట్టుకోవడానికి చేతులు చాలవని ఆయన బాధ.

తిట్లు మాత్రం అత్తయ్య నేర్పలేదు. అవి నేనే కలిపాను. కూరలో కారంలాగా, ఒక చిటికెడు వేసుకుంటే చెప్పింది బాగా గుర్తుంటుందని మొదలుపెట్టాను. ఆ చిటికెడే ఇవాళ నా కొంప ముంచింది.

ఆ పొద్దున నా రౌండులో చివరి ఇల్లు కిటికీ తాతగారిది. ఈ పేరు నేనే పెట్టాను. మూడో అంతస్తు. ఆయన భార్య ఏడాదిగా మంచం మీదే ఉంది. మెడ తిప్పలేదు, గోడ వైపే చూస్తూ ఉంటుంది. తాతగారు కిటికీ దగ్గర నిలబడి వీధిలో జరిగేదంతా ఆవిడకి చెప్తుంటాడు. నేను వస్తుంటే పైనుంచే వినపడుతుంది: "ఇదిగో, మన రక్తం అమ్మాయి వచ్చింది. ఆగింది. మన కోసమే ఆగింది." ఆయన అలా చెప్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి మెత్తబడుతుంది, నరం ఇట్టే దొరుకుతుంది. ఆ గదిలో మేకుకి ఒక కారు తాళం వేలాడుతుంటుంది. కారు అమ్మేసి పదేళ్లయిందట. తాళాలు రెండుంటే ఒకటిచ్చి ఒకటి దాచుకున్నాడట ఆ మహానుభావుడు. కౌంటర్లో కూర్చుంటే ఇలాంటి మనుషులు నాకెలా తెలిసేవాళ్లు? ట్యూబు మీద ఒక నంబరు కనపడేది, అంతే.

ల్యాబుకొచ్చి శాంపిల్స్ అప్పగించి అత్తయ్యకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. దున్నపోతు దగ్గర నీళ్లు నమిలాను.

"జానెడు దూరంలో ఆగావా?" అంది.

"ఆగాను."

"బ్రేకు ముందుది పట్టావా, వెనకదా?"

"రెండూ. మీరు చెప్పినట్టే, పిండినట్టు మెల్లగా."

"వస్తున్నాను" అని పెట్టేసింది.

పదకొండుకి ఐదు నిమిషాలుందనగా గేటు దగ్గర ఆటో దిగింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది. నర్సులు గుండెల మీద పిన్నుతో పెట్టుకునే చిన్న గడియారం ఉంటుంది చూడండి, అది పెట్టుకుంది. ఎన్నో ఏళ్ల తర్వాత దాన్ని బీరువాలోంచి తీసిందని చూడగానే అర్థమైంది. దాని అద్దం మీద అడ్డంగా ఓ పగులు. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ, నా చెయ్యి పట్టుకోకుండా మెట్లెక్కింది.

డాక్టరుగారి గదిలో బల్ల మీద ఒక కాగితం ఉంది. తలకిందులుగా ఉన్నా చదివేశాను. పదకొండేళ్లు లేబుళ్లు చదివిన కళ్లవి. నన్ను ఇళ్ల రౌండు నుంచి తీసేసి మళ్లీ కింది కౌంటరుకి వేస్తున్నట్టు ఉంది. సంతకం ఒక్కటే తక్కువ. పెన్ను మూత కూడా తీసి పెట్టుకున్నారు.

ఆయన మా ఇద్దర్నీ చూసి, మా వెనకాల ఇంకెవరైనా ఉన్నారా అన్నట్టు తలుపు వైపు చూశారు.

"బండి నేర్పినాయన రాలేదా?"

"నేర్పింది నేనే" అంది అత్తయ్య.

"మీరా?"

"పద్దెనిమిదేళ్లు నడిపాను డాక్టరుగారూ. కాన్పు కోసం కబురొస్తే బస్సు కోసం నిలబడితే కుదరదు కదా."

డాక్టరుగారు కుర్చీ చూపించారు. అత్తయ్య కూర్చుంది. నేను నిలబడ్డాను. నన్నెవరూ కూర్చోమన్లేదు లెండి.

"చూడండమ్మా," అన్నారు, "మీ వయసుకి గౌరవమిచ్చి చెప్తున్నాను. ఈమె రోడ్డుకి కొత్త. ఇవాళ నా మీదకొచ్చేసింది. ఇంకో జానెడైతే నా కాలు విరిగేది, ఆమె ఎగిరి అవతల పడేది, అంతమంది శాంపిల్స్ రోడ్డు పాలయ్యేవి. అది చాలదన్నట్టు నన్ను నడిరోడ్డు మీద, అందరూ వింటుండగా..." ఆ మాట ఆయన నోటికి రాలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఏమంది?" అంది అత్తయ్య.

"ఇప్పుడదెందుకు లెండి."

"చెప్పాలి. మా ఇంటి పిల్ల రోడ్డు మీద ఏం మాట్లాడుతోందో నాకు తెలియొద్దూ? మొదట్నుంచీ చెప్పండి. ఒక్క మాట వదలకండి."

నేను కళ్లు మూసుకున్నాను. అయిపోయింది నా పని. కింది కౌంటర్లో నా కుర్చీకి ఒక కాలు కుంటి, దాని కింద అట్టముక్క మడిచి పెట్టుకునేదాన్ని. ఆ అట్టముక్క ఇంకా ఉందో పారేశారో అని అప్పుడే ఆలోచిస్తున్నాను.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. మనిషి కోపిష్టి గానీ జ్ఞాపకశక్తి గట్టిది. రిపోర్టు చదివినట్టు చదివారు.

"'నీలం కారు, ఆగి ఉంది, లోపల తల ఉంది' అంది."

"ఊఁ."

"'ఫోను చెవి దగ్గర ఉంది' అంది."

"ఉందా?"

"ఏమిటి?"

"ఫోను."

"...ఉంది." ఆయన కొంచెం కదిలారు. "'అద్దం చూడట్లేదు. తలుపు తీస్తాడు చూడు. తగ్గు తగ్గు' అంది. తర్వాత, 'తీశాడు, తీశాడు' అంది. తర్వాత..." ఆయన పైకప్పు వైపు చూశారు. "దున్నపోతు అంది."

అత్తయ్య నా వైపు తిరిగింది. "దున్నపోతు నేను నేర్పలేదే?"

"లేదత్తయ్యా. అది నా సొంతం."

"సారీ చెప్పు."

"సారీ సార్. మిమ్మల్నని తెలీదు సార్."

"తెలిస్తే?" అన్నారాయన.

"మనసులో అనుకునేదాన్ని సార్" అనేశాను. నా నోటికి తాళం వేసేవాళ్లు ఈ లోకంలో పుట్టలేదు.

అత్తయ్య నవ్వు ఆపుకుంది, నాకు తెలుసు, ముక్కు పుటాలు అదిరాయి. తర్వాత డాక్టరుగారి వైపు కాస్త ముందుకి వంగింది. గొంతు మారింది. నొప్పులు పడుతున్న మనిషితో మాట్లాడే గొంతు అది.

"డాక్టరుగారూ, ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. 'తలుపు తీస్తాడు చూడు' అని ఈ పిల్ల అన్నప్పుడు మీ చెయ్యి ఎక్కడుంది?"

"చెయ్యా? ఫోను పెట్టేస్తున్నాను... జేబులో వేసుకుంటున్నాను."

"తలుపు మీద లేదు."

"లేదు. ఇంకా తియ్యలేదు. ఆ తర్వాత..."

ఆయన ఆగిపోయారు.

"తర్వాత తీశారు," అంది అత్తయ్య. "అంటే మీరు తలుపు తియ్యబోతున్నారని మీకంటే ముందు మా అమ్మాయికి తెలిసింది. ఆ మాట మీరు చెవులారా విన్నారు కూడా. విని, వెనక్కి చూడకుండా తీశారు. ఆ జానెడు ఎలా మిగిలిందంటారు?"

నాకు ఒక్కసారిగా ఊపిరి అందింది. పొద్దున్నుంచీ నేనేదో తప్పు చేశాననే అనుకుంటున్నాను, నమ్ముతారా? కొత్త కదా, ఏం జరిగినా నాదే పొరపాటేమో అనిపిస్తుంది. ఆ పెద్దమనిషి కోప్పడ్డారు కాబట్టి తప్పు నాదేనని నేనే ఒప్పేసుకున్నాను. అత్తయ్య ఆ మాటలన్నీ ఆయన నోటితోనే చెప్పించాకగానీ, నేను పని సరిగ్గా చేశానన్న సంగతి నాకే తట్టలేదు.

డాక్టరుగారు పెన్ను మూత తీసుకుని పెట్టబోయారు, మళ్లీ తీశారు. ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేని పని, చూస్తుంటే జాలేసింది.

"ఇలా పైకి చెప్పుకుంటూ నడపడం..." అన్నారు చివరికి. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా మీరు?"

అత్తయ్య గుండెల మీది గడియారాన్ని వేలితో తడిమింది. పదహారేళ్లుగా ఆవిడ కోడల్ని. బండి నేర్చుకున్న ఆ నలభై రోజుల్లో ఈ ప్రశ్న నేను వందసార్లు అడిగి ఉంటాను. ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పి దాటేసేది. ఇవాళ దాటెయ్యలేదు.

"ఇరవై ఆరేళ్ల కిందటి మాట. ఒక కాన్పు చేసి వస్తున్నాను. తల్లీ బిడ్డా క్షేమం, మనసు తేలిగ్గా ఉంది. అదే నేను చేసిన పొరపాటు, ఎక్కడో ఆలోచిస్తున్నాను. ఆగి ఉన్న కారు తలుపు తెరుచుకుంది. గుద్దుకుని ఎగిరి పడ్డాను. తుంటి విరిగింది, మెడకి దెబ్బ. లేవలేను. వెనకనుంచి బండ్లొస్తున్న చప్పుడు మాత్రం నేలలోంచి వినపడుతోంది. నా మీదనుంచి పోతాయి, ఇక్కడితో సరి అనుకున్నాను."

నేను ఆవిడ కుర్చీ వీపు పట్టుకున్నాను.

"అప్పుడు ఎవరో తన కారు తెచ్చి రోడ్డుకి అడ్డంగా పెట్టేశాడు. హారన్లు కొడుతున్నారు, తిడుతున్నారు. దిగొచ్చి నా తల దగ్గర నేల మీద కూర్చున్నాడు. మెడ కదలకుండా రెండు చేతులతో తల పట్టుకున్నాడు. నేను నర్సుని కదా, నిద్రపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ కళ్లు మూతలు పడిపోతున్నాయి. ఆయనకీ తెలిసినట్టుంది. ఇక మొదలుపెట్టాడు. తనకి కనపడేదంతా నాకు చెప్తున్నాడు. ముప్పావుగంట, అంబులెన్సు వచ్చేదాకా, గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఒక ముసలాయన సైకిలు దిగాడు, ఒకావిడ గొడుగు తెస్తోంది, ఎండ నీ మొహం మీద పడకుండా పడుతుంది చూడు... ఒక్కొక్కటీ వినాలంటే మెలకువగా ఉండాలి కదా. అలా ఉన్నాను. అలా బతికాను."

"ఎవరాయన?" అన్నారు డాక్టరుగారు.

"మొహం చూడలేదు బాబూ. తల తిప్పనిస్తేగా. ఆకాశం తప్ప ఏం కనపడలేదు. ఆస్పత్రిలో అప్పగించి వెళ్లిపోయాడట. ఒక్క థాంక్స్ కూడా చెప్పలేదు నేను. ఇన్నేళ్లూ అదొక్కటే నా గొంతులో ఉండిపోయింది." అత్తయ్య నా చేతి మీద చెయ్యి వేసింది. "తలుపు తీసిందీ కారు మనిషే, కారు అడ్డం పెట్టిందీ కారు మనిషే. అందుకే ఈ పిల్లకి కార్లంటే కోపం నేర్పలేదు. చూడటం నేర్పాను. దున్నపోతులూ అవీ ఇదే కలుపుకుంది."

నేను ఏడుస్తున్నానని డాక్టరుగారు టిష్యూ డబ్బా నా వైపు జరిపాకగానీ తెలీలేదు. ఆయన ఆ కాగితం తీసుకున్నారు. నాలుగు ముక్కలు చేశారు. చెత్తబుట్ట దగ్గరే ఉన్నా లేచి వెళ్లి అందులో వేసి వచ్చారు, మా మొహాలు చూడకుండా ఉండటానికేమో.

"అమ్మాయ్," అన్నారు. పదకొండేళ్లలో నన్ను అలా పిలవడం అదే మొదలు. "పొద్దున నువ్వు ఆగకపోయుంటే ఈపాటికి నేను ఏ ఆస్పత్రి వరండాలోనో మీవాళ్ల ముందు నిలబడి ఉండేవాణ్ణి. ఏమని చెప్పేవాణ్ణి? ఫోన్లో ఉన్నానని చెప్పేవాణ్ణా? ఆగినందుకు... థాంక్స్. రౌండు నీదే."

"సార్..." అన్నాను. ఇంకేం రాలేదు. నా నోటికి తాళం పడటం కూడా అదే మొదలు.

"ఇదిగో, రేపటి లిస్టు. మొదటి ఇల్లు మూడో అంతస్తు, ఆ మంచం మీద ఉండే ఆవిడ. ఇవాళ్టి శాంపిల్ కాకుండా పరగడుపున ఇంకోటి కావాలి. ఏడింటికల్లా వెళ్లు." తర్వాత అత్తయ్యకి లేచి నమస్కారం పెట్టారు. "మా డ్రైవర్లు నలుగురున్నారమ్మా. నాతో కలిపి ఐదుగురు. ఎప్పుడైనా వీలుంటే..."

"మడత కుర్చీ తెచ్చుకుంటాను" అంది అత్తయ్య.

మెట్లు దిగుతుంటే నా సంతోషానికి హద్దే లేదు. కింది కౌంటరు వైపు తిరిగి, మెట్ల మీదనుంచే దానికో దణ్ణం పెట్టాను, ఇక సెలవని. ఈ మనిషి నాకు అత్తగారిగా దొరక్కపోతే నా బతుకేమయ్యేదో అనుకుంటూ లిస్టు మడిచి జేబులో పెట్టుకోబోయాను. అప్పుడు అత్తయ్య తనలో తాను అనుకున్నట్టు అంది:

"ఆఖర్న అంబులెన్సు వచ్చినప్పుడు కూడా అదే మాట. బస్సుకీ అదే, సైకిలుకీ అదే. 'ఇదిగో, వచ్చింది. ఆగింది. మన కోసమే ఆగింది.' ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది నాకు."

నా కాలు మెట్టు మీదే ఆగిపోయింది. జేబులోకి పోతున్న లిస్టు తీసి మళ్లీ చూశాను. మొదటి ఇల్లు. మూడో అంతస్తు, కిటికీ తాతగారు. గోడకి మేకు, మేకుకి తాళం.

చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఆ మాట ఎవరైనా అనొచ్చు. కాదని తేలితే ఈవిడ ఇరవై ఆరేళ్ల ఆశ మీద నేను మట్టి పోసినట్టవుతుంది.

"అత్తయ్యా, రేపు పొద్దున నాతో ఓ చోటికి రావాలి."

"ఆటోలో వస్తాలే. ఎక్కడికి?"

"ఆటోలో కాదు. బండి మీద. నా వెనక."

అత్తయ్య చెయ్యి తుంటి మీదకి పోయింది. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. కాన్పు గదుల్లో ఎన్ని మొహాలు చదివిందో, నా మొహంలో ఏం చదివిందో తెలీదు.

"నెమ్మదిగా నడుపుతావా?" అంది.

"నడిచే మనిషంత నెమ్మదిగా."

మర్నాడు ఆరున్నరకి మా ఆయన కుర్చీ తెచ్చి వేస్తే దాని మీదనుంచి బండెక్కింది. రెండు చేతులూ నా భుజాల మీద వేసింది. గట్టిగా పట్టుకుంది. మొదటి మలుపు దాకా నేనే చెప్పుకుంటూ పోయాను. రెండో మలుపు దగ్గర వెనకనుంచి చిన్నగా వినపడింది. "బూడిదరంగు కారు. లోపల తల ఉంది. దూరంగా పో." అక్కణ్ణుంచి ఇద్దరం కలిసే చెప్పుకున్నాం. ఆ కారతను ముందు వెనక్కి చూసి, మేం దాటేదాకా తలుపు పట్టుకుని ఆగాడు. అత్తయ్య అతనికి తలూపి థాంక్స్ చెప్పింది. అతను చెయ్యి ఎత్తాడు. నా భుజాల మీద ఆవిడ పట్టు అప్పటికి సడలింది.

ఏడుకి రెండు నిమిషాలుందనగా ఆ ఇంటి ముందుకొచ్చాం. మూడో అంతస్తు కిటికీ తెరిచే ఉంది. బండి ఆపాను. ఇంజను కట్టేశాను. వీధంతా నిశ్శబ్దంగా ఉంది.

పైనుంచి, గోడ వైపు తిరిగి పడుకున్న ఆవిడకి తాతగారు చెప్తున్న మాట నెమ్మదిగా వినపడింది.

"ఇదిగో, మన రక్తం అమ్మాయి వచ్చింది. ఇవాళ వెనకాల ఎవరో పెద్దావిడ కూడా ఉంది. ఆగింది. మన కోసమే ఆగింది."

నా భుజాల మీద అత్తయ్య వేళ్లు బిగుసుకున్నాయి. ఆవిడ తల ఎత్తలేదు, పైకి చూడలేదు. ఎప్పుడో ఇరవై ఆరేళ్ల కిందట నేల మీద పడుకుని విన్నట్టే, మెడ కదపకుండా కూర్చుంది.

"అమ్మాయ్," అంది. "ఆయన్ని ఇంకొక్కసారి అనమను."